రిపోర్టు ఆగిన చోట

పొద్దున్నే ఫోన్ మోగింది. భూపాలపల్లిలో ఉండే నా స్నేహితురాలు. "మేడం పోయిందే," అంది.

"ఎవరు చెప్పిన్రు? ఖాయమేనా?" అన్నాను.

"వాళ్ల తమ్ముని ఇంట్లనే ఉన్న. ముఖం చూసిన. నిద్రల్నే పోయిందట."

అయినా ఇంకోసారి అడిగాను. అది ఏడుస్తూనే నవ్వింది. "నువ్వు మారవే. మేడం ఉంటే నీకు ఫుల్ మార్కులు ఏసేది."

మేడం అంటే, జనగామలో ఒక టైలరు షాపు పైన రెండు గదులు కిరాయికి తీసుకుని మాకు మెడికల్ కోడింగ్ నేర్పిన మనిషి. డాక్టర్ల రిపోర్టులు చదివి, ప్రతి రోగానికీ అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తు వేయడం మా పని. ఇన్సూరెన్సు వాళ్లు ముందు చూసేది ఆ గుర్తునే. ఒకసారి తప్పు రోగం ఎక్కిందంటే, అది ఆ మనిషి వెంట ఏళ్ల తరబడి నడుస్తుంది. జువాలజీ పీజీ చేసి, ఉద్యోగాలు దొరక్క, ముప్పై దాటాక నేను ఆ మెట్లెక్కాను.

శరీరం నుంచి తీసిన ముక్కల పరీక్షల గురించి చెప్పిన రోజు మేడం పుస్తకం తెరవలేదు. మూత పెట్టిన టిఫిన్ గిన్నె బల్ల మీద పెట్టింది.

"ఇండ్ల ఏముంది?"

"చికెన్ మేడం!" అంది బచ్చన్నపేట నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి.

"మూత తీసిన్రా?"

"తీయలే. కానీ వాసనొస్తుంది గదా."

"అయితే వాసనొస్తుందని రాయి. చికెనని ఎందుకు రాస్తున్నవ్?"

మూత తీస్తే సొరకాయ. చికెన్ మసాలా వేసి వండుకొచ్చింది. ఆ అమ్మాయి మొహం చూసి మేమంతా పడీపడీ నవ్వాం. ఆ నవ్వులోనే పాఠం అయిపోయింది. ముక్కలో కణాలు తేడాగా ఉన్నాయని రాసి, రోగం పేరు రాయకపోతే, 'తేడా కనిపించింది' అని చెప్పే కోడ్ వేరే ఉంది, అదే వేయాలి. అనుమానం, కావచ్చు, అనిపిస్తోంది – ఇవేవీ రోగాలు కావు. "రిపోర్టు ఆగిన కాడ మనం ఆగాలె," అనేది. తర్వాత ఆ సొరకాయ అందరికీ తలా కొంచెం పెట్టింది. నిజం చెప్పొద్దూ, చికెన్‌లాగే ఉంది.

ఆమె తండ్రి బొగ్గు గనిలో పనిచేశాడు. ఆ ఇంటి మాటే ఆమె మాట. ఎవరి ముందూ దాన్ని మార్చుకోలేదు. ఒకసారి హైదరాబాదు నుంచి మా పని చూడ్డానికొచ్చిన ఆఫీసరు ఆమె యాసకు ముసిముసిగా నవ్వాడు. "నా మాటకు కోడ్ లేదు సార్, రాసుకోకున్రి," అంది మేడం. అందరికంటే పెద్దగా నవ్విందీ ఆమే.

కొన్నేళ్ల తర్వాత ఆ పాఠం నా ఇంటికొచ్చింది. అప్పటికి నేను మహబూబాబాద్‌లో ఉంటున్నాను, ఇంటి నుంచే పని. మెడ పక్కన గడ్డ లేచింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. 'అసాధారణ కణాలున్నాయి. ఫలానా అని చెప్పడానికి ముక్క చాలదు. క్యాన్సర్ కాదని అనలేం. గడ్డ తీసి పంపాలి.' అంతే రిపోర్టు. నాకది చాలింది. మా ఆయనకు కుక్కర్ పెట్టడం నేర్పాను. చీరలన్నీ మంచం మీద పరిచి, ఏది ఎవరికో చీటీలు పెట్టాను.

విషయం ఎవరు చెప్పారో, మర్నాడు మేడం రైలు దిగి నేరుగా ఇంటికొచ్చింది.

"ఏందే గిది, బట్టల దుకాణం పెట్టినవా?"

"తర్వాత ఎవరూ పరేషాన్ కావద్దని మేడం..."

"నాకేది పెట్టినవ్?"

"ఆకుపచ్చది."

"గది కట్టుకుంటే గడ్డివాము లెక్కుంట. గీ నెమలికంఠం రంగుది ఎవరికి?"

"చెల్లెకు."

"చెల్లె ఆగుతది తీయ్," అని ఆ చీర తీసి పక్కన పెట్టుకుంది. తర్వాత రిపోర్టు అడిగింది. చదివి, కళ్లద్దాల పైనుంచి నన్ను చూసింది.

"క్యాన్సరని రాసిన్రా?"

"రాయలే. కాదని కూడా రాయలే మేడం."

"మరి నీకు నువ్వు ఏం కోడ్ వేసుకున్నవ్?"

నేను చీరల మీది చీటీలు సర్దసాగాను.

"వేరేటోళ్ల రిపోర్టయితే మంచిగ ఆగుతవ్. నీదయితే ఆగవా?"

గడ్డ తీసి, ఫలితం వచ్చేదాకా ఆమె మా ఇంట్లోనే ఉంది. సర్వపిండి చేసింది. మా ఆయన కుక్కర్‌కు వంకలు పెట్టింది. నేను దిగాలుగా కూర్చున్నప్పుడల్లా, "యాడున్నవ్? రిపోర్టు దాటినవా?" అని కేకేసేది. ఆలోచిస్తే, రిపోర్టు దాటొద్దన్నది లెక్కలు సరిగా ఉండాలని పెట్టుకున్న ఆఫీసు నియమం. ఎవరి ధైర్యం కోసమూ రాసింది కాదు. నన్ను నిలబెట్టింది ఆ నియమమా, ఆమె గొంతా? నాకిప్పటికీ తెలియదు. బహుశా నియమం ఒక్కటే అయితే నిలబడేదాన్ని కాదేమో.

రిపోర్టు తీసుకునే రోజు దవాఖాన వరండాలో కవరు ఆమె చేతికే ఇచ్చాను. చదివింది. మళ్లీ చదివింది. ఎప్పుడో వచ్చిన ఇన్ఫెక్షన్ వల్ల వాచిన గడ్డ, క్యాన్సర్ లేదు. కాగితం నాకిచ్చి, బెంచీ మీద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"మీరు భయపడలేదనుకున్న మేడం!"

"పడలేదని ఎవరన్నరే? పానం గుప్పిట్ల పెట్టుకోని ఉన్న గిన్ని రోజులు. నా భయం రిపోర్టుల లేదు గదా, అందుకే నీకు చెప్పలే."

మొన్న భూపాలపల్లిలో ఆమె శిష్యురాళ్లం చాలామందిమి కలిశాం. అందరి దగ్గరా ఆమె కథ ఒకటుంది. ఏడవడానికి వెళ్లినవాళ్లం, నవ్వు ఆపుకోలేక వాకిట్లోకి వచ్చి నిలబడ్డాం.

నాకు మాత్రం నా రిపోర్టు వచ్చిన సాయంత్రం ఆమె ఎక్కిన రైలే కళ్లముందుంది. స్టేషన్లో ఆమెను ఎక్కించాను. కిటికీ పక్క సీటు సంపాదించింది. రైలు కదిలింది. చప్పుడులో మాట వినపడక, ఆమె తన మెడ పక్కన, నా గడ్డ ఉన్న చోట, వేళ్లతో తట్టి, 'ఏం లేదు పో' అన్నట్టు అరచెయ్యి గాల్లో తిప్పి నవ్వింది. ఎదురు సీట్లో కూర్చున్న ముసలమ్మ ఆ సైగ తనకే అనుకుని గాబరాగా తన మెడ తడుముకుంది. మేడం ఆమె చేయి పట్టుకుని ఏదో చెబుతోంది. ఇద్దరూ నవ్వుతున్నారు. కిటికీ ముందుకు వెళ్లిపోతోంది.