వేడిపిండిని మూటగట్టిన ఊరు

అరకులోయలో రిసార్టుల గుమ్మాల ముందు ఇప్పుడు తిరగళ్ళు కనిపిస్తున్నాయి. పై రాయి మీద బంతిపూలు పరుస్తారు. టూరిస్టులు పక్కన నిలబడి ఫొటోలు దిగి, "ఆ రోజులే వేరు!" అని నిట్టూరుస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. నేను విజయనగరం పక్క పల్లెలో పుట్టినదాన్ని. గౌను వేసుకునే వయసులోనే మా అమ్మకు ఎదురుగా కూర్చుని ఆ పిడి పట్టుకున్నదాన్ని. అరచేతిలో బొబ్బ చిట్లితే దాని మీదే మళ్ళీ పిడి తిరిగేది. తిరగలి పాటలు ఎంత మధురమో అని వ్యాసాలు రాసిన పెద్దమనుషులు ఒక్కసారి మమ్మల్ని అడగాల్సింది. నిద్ర ఆపుకోవడానికి పాడేవాళ్ళం!

రాళ్ళు అరిగి నునుపెక్కితే, "రోళ్ళకు గంట్లు పెడతాం, తిరగళ్ళకు గంట్లు పెడతాం" అని అరుచుకుంటూ ఉలీ సుత్తీ పట్టుకుని ఒకాయన వీధిలోకి వచ్చేవాడు. గంట్లు పెట్టిన కొత్తలో పిండిలో రాతిపొడి కరకరలాడేది. కొన్నాళ్ళకు సైకిలు మీద సాన తిప్పుతూ కత్తులవాడు వచ్చాడు. పిండిమర వచ్చింది, మిక్సీ వచ్చింది, చివరికి గ్రైండరు వచ్చింది. ఆ గ్రైండరులో మొదటిసారి మినప్పప్పు వేసిన రోజున మా అమ్మ దాని ముందు పీట వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పిండి నలిగేదాకా ఊరికే చూస్తూ కూర్చుంది. స్త్రీ విముక్తి మీద నేను ఎన్నో సభల్లో గొంతు చించుకున్నాను గానీ, ఆ ఖాళీ చేతులను మించిన వాదన నాకెప్పుడూ దొరకలేదు.

అందుకే మా పైనున్న కొండ ఊరికి పిండిమర వస్తోందని తెలిసినప్పుడు నేను దాన్ని తెచ్చే జీపు కంటే ముందే అక్కడికి చేరాను. అరకులో టీచరుగా పనిచేసి రిటైరై ఇక్కడే ఉండిపోయినదాన్ని. మర తెస్తున్నది నా దగ్గర చదువుకున్న అమ్మాయే. కాఫీ పళ్ళు కోస్తూ వాలులో జారిపడితే ఆమె కుడిచెయ్యి విరిగి, వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో కొడవలి పట్టలేదు, తిరగలి తిప్పలేదు. బతకాలంటే ఆమెకు ఈ మరే దారి. మోటారు బిగించి స్విచ్ వేసేసరికి రేకుల పాక మొత్తం దడదడలాడింది. చోళ్ళు, అదే రాగులు, పైన పోస్తే కింద గొట్టంలోంచి పిండి! ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనైతే చప్పట్లు కొట్టాను.

నెల తిరగకుండానే ఆ నవ్వులు ఆగిపోయాయి. మరపిండితో కాచిన అంబలి ముక్కవాసన వేస్తోందన్నారు. కరెంటు గింజను కాల్చేస్తోందన్నారు. కాలిన గింజను కొత్త పండగలో దేవతకు పెడితే ఊరికి కీడన్నారు. కొత్త పంటను ముందు దేవతకు పెట్టి, ఆ తర్వాతే మనుషులు తినడం ఇక్కడి పండగ. దేవత వాటా గింజలు దాచేది మర పెట్టిన అమ్మాయికి పెద్దత్త. ఆవిడ మాటే ఊరికి మాట. పండగలోపు మర సంగతి తేల్చాలని, కీడు నిజమైతే దాన్ని కిందికి పంపేయాలని పెద్దలు అనుకున్నారు.

నాకు కబురందగానే చెప్పులేసుకున్నాను. దారి పొడవునా ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. అది మొదలుపెట్టేలోపే పెద్దత్త అడ్డుకుంది.

"ఏటి టీచరమ్మా, కేకలేసీడానికొచ్చినారా? మీ కేకలకి కంపు పోతాదేటి?"

"పోదు పెద్దమ్మా. అందుకే కేకలొద్దు, పరీక్ష పెడదాం. ఒకే బుట్టలో చోళ్ళు సగం మీ తిరగలి మీద, సగం మరలో. రెండూ మీ ఇంట్లోనే ఉంచుదాం. వచ్చే సంత రోజున అంబలి కాచి చూద్దాం."

"కంపు కొడితే?"

"కొట్టిందని నేనే ఊరందరికీ చెప్తాను."

మర అమ్మాయి నా కొంగు పట్టుకుని లాగింది. "టీచరమ్మా, ఏటి సేత్తన్నారు? నా బతుకు మీద పందెమేత్తారా?"

"పందెం కాదే, పరీక్ష" అన్నాను. ఆ తేడా ఆమెకు నచ్చలేదు.

రెండు రకాల పిండినీ అప్పటికప్పుడే రెండు పాలిథీన్ కవర్లలో పోసి మూతులు బిగించి కట్టాం. అలా కట్టడం ఇక్కడి వాళ్ళకు ఊపిరి పీల్చుకోవడమంత అలవాటు. పొగమంచు, తుప్పర ఇంట్లోకి కూడా వచ్చేస్తాయి. ఉప్పైనా, పిండైనా గాలి దూరకుండా ముడి వెయ్యకపోతే నిలవదు.

శుక్రవారం సంత ముగించుకుని పైకి వెళ్ళాను. ముందు రాత్రి నానబెట్టి పులియబెట్టిన రెండు పిండ్లతోనూ రెండు కుండల్లో అంబలి కాచి ఉంచారు. తిరగలి కుండ ఘుమఘుమలాడుతోంది. మర కుండ దగ్గర ముక్కు పెట్టాను. నిజం. కంపే.

"ఇప్పుడేటంతారు?" అంది పెద్దత్త, నడుం మీద చేతులు పెట్టుకుని.

"మీరన్నది నిజమే" అని గట్టిగా, అందరికీ వినబడేలా అన్నాను. మర అమ్మాయి మొహం తిప్పుకుంది. కానీ నాకు మాత్రం సంబరంగా ఉంది. ఇన్నేళ్ళుగా నేను ఎదిరించిన నమ్మకాల్లో చాలావాటికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు, గాలే. ఇక్కడ కంపు ఉంది, చేతికి అందే కంపు! ఉన్నదానికి కారణం ఉండి తీరాలి.

పెద్దత్త మిగిలిన మరపిండిని కోళ్ళకు పోద్దామని కవరు తిరగేసింది. పిండి రాలలేదు. కవరు గోడలకు ఉండలుగా అంటుకుపోయింది.

"ఓలమ్మా, ఇదేటిది? తడి! సూరు కింద ఎట్టాను, వానెలా దూరింది?"

నేను దాదాపు గెంతాను. "మర వెయ్యవే!" అని అరిచాను. అమ్మాయి పరుగెత్తింది. పెద్దత్త చెయ్యి పట్టుకుని గొట్టం కింద పెట్టించాను. ఆవిడ చటుక్కున లాక్కుంది.

"సెగ! పొయ్యి మీద పెనంలా ఉందే!"

ఆ పిండినే కవరులో పోసి ముడి వేసి, చుట్టూ కూర్చున్నాం. సినిమా చూసినట్టు పాలిథీన్ కవరును చూస్తున్నాం! కాసేపటికి లోపలి వైపు మసక కమ్మింది. తర్వాత మసకలోంచి ఒక చుక్క జారింది.

"అన్నం గిన్ని మూతకి పట్టినట్టు సెమట పట్టేసింది" అంది పెద్దత్త నెమ్మదిగా.

అంతే. తిరగలి నిదానంగా తిరుగుతుంది, పిండి చల్లగా రాలుతుంది, దాన్ని మూటగడితే నష్టం లేదు. మర వేగానికి పిండి వేడెక్కుతుంది. మంచుకు భయపడి వేడిది వేడిగానే బిగించి కట్టి, వానను మనమే లోపల పెట్టుకున్నాం. గింజ కాలలేదు, పిండి ఉడుకెత్తి చెమర్చింది. ఊరు చూసింది తప్పు కాదు, అది చెప్పుకున్న కారణమే తప్పు. మూఢనమ్మకాల మీద సభలు పెట్టే మా వాళ్ళు వేదికల మీద ఈ రెంటినీ ఒకే దెబ్బకు కొట్టిపారేస్తారు. ఆ వేదికల మీద నేనూ ఉన్నాను.

మళ్ళీ ఆడించాం. ఈసారి చాప మీద పలచగా పరిచి, చల్లారాక కట్టాం. మరుసటి శుక్రవారం అదే ఇంట్లో, అదే కుండలో అంబలి. పెద్దత్త మొదటి గుక్క తాగింది. మర అమ్మాయి వంకర చేతిని ఎడమ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు. ఆవిడ గిన్నె ఖాళీ చేసి మళ్ళీ చాపింది.

"నీల్లెక్కువ పోసీసినావు."

"కంపుందా అత్తా?"

"కంపుంటే రొండో గిన్ని అడుగుతానేటే గుంటా? పండక్కి నా సోళ్ళు బేగి ఆడించీ. ఆనక జనం ఎగబడతారు."

ఆ అమ్మాయి ఏడుస్తూ నవ్వింది. నేను మాత్రం పూర్తిగా నవ్వలేదు, ఎందుకంటే దేవత గుప్పెడు తిరగలి మీదే విసరాలని పెద్దత్త ఆ వెంటనే తీర్మానించింది. వాదించబోయాను. "ఒక్క గుప్పెడే కదా, ఇసిరేది నా సెయ్యి, మీ సెయ్యి కాదు" అంది. ఒక్క గుప్పెడుకు ఎవరి అరచేయీ చిట్లదు. సరేనన్నాను.

మర ఉంది. పాక ముందు ఇప్పుడు చాపలు వరసగా పరిచి ఉంటాయి. పెద్దత్త అక్కడే కూర్చుని, ఎవరైనా వేడిపిండి కట్టబోతే చేతి మీద ఒకటి వేస్తుంది. మొన్న వెళ్తే చాపలన్నీ ఒకే వైపుకు తిరిగి ఉన్నాయి.

"ఇదేమిటే?"

"తూరుపుకి తిప్పి ఆరబెడితేనే కంపు రాదంటన్నారు టీచరమ్మా" అంది మర అమ్మాయి, నా మొహం చూసి నవ్వాపుకుంటూ. "పోన్లెండి, ఆరబెడతన్నారు గదా."

నేను పోనివ్వలేదు. ఒక చాప అంచు పట్టుకుని పడమటికి తిప్పేశాను. పెద్దత్త నా వంక గుర్రుగా చూసింది. "వచ్చే సంతకి రెండు కుండలూ సిద్ధం చెయ్యండి పెద్దమ్మా" అన్నాను.