కుళ్ళాయమ్మ వేపాకు తొట్టి

ధర్మవరం సాలెవీధికి కరెంటు దీపాలు కొత్తగా వచ్చిన రోజుల్లో, కూర్చోలేక బాధపడే వాళ్ళందరికీ కుళ్ళాయమ్మే దిక్కు. బాలింతలైనా, మొలలవాళ్ళైనా సరే, వేపాకూ పసుపూ కాచిన నీళ్ళు వెడల్పాటి తొట్టిలో పోయించి, మోచెయ్యి ముంచి వేడి చూసి, "నడుం దాకా మునిగేట్టు కూచో" అనేది. ఆమె మాటకు ఎదురుండేది కాదు.

నేతగాడు వెంకటేశులు మొలలతో మగ్గం గుంతలోకి దిగి కూర్చోలేక పెళ్ళిచీర సగంలో ఆపేశాడు. కుళ్ళాయమ్మ చెప్పినట్టే మూడు రోజులు ఇంట్లోనే వేపాకు నీళ్ళ తొట్టిలో కూర్చున్నాడు. నొప్పి తగ్గలేదు. "అవ్వ మందు పని చేయల్యా" అని వీధిలో అనేశాడు. ఆ మాట చెవిన పడగానే ఆమె నేరుగా వాళ్ళింటికి పోయింది. దండెం మీద నడుం దాకా పసుపు పట్టిన పంచె కనబడింది.

"ఏమప్పా, పంచె కట్టుకొనే కూచున్యావా?"

"ఇంట్లో ఆడోళ్ళు తిరుగుతాంటారు గదవ్వా."

"మొలలు నీకా, పంచెకా? మందంతా అదే తాగేసుండాది."

మళ్ళీ నీళ్ళు కాయించింది. తలుపు వేయించి, సందులోంచి పంచె ఇప్పించుకొని, ఒళ్ళో పెట్టుకొని గడప బయట కూర్చుంది. నీళ్ళు చల్లారేదాకా ఇవ్వలేదు. రోజూ అంతే.

వారానికి పక్కింటి రత్నమ్మ వచ్చి, "వెంకటేశులు గుంతలోకి దిగినాడంట" అంది.

"దిగక ఏం చేస్తాడు" అని కుళ్ళాయమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.