వాల్వు మీద చెయ్యి వేసిన రాత్రి

ఇది నిజంగా జరిగింది. కల్పించి చెప్పేవాడినైతే ఇందులో నన్ను నేను ఇంకాస్త మంచివాడిగా చూపించుకునేవాణ్ణి...

నేను తాపీ నది పక్క ఊళ్ళో, పాండేసర అనే మిల్లుల పేటలో, బట్టలకు రంగులద్దే ఒక మిల్లులో కెమిస్టుని. ఆదివారాలు, వలస వచ్చిన తెలుగువాళ్ళుండే గోడాదరా బస్తీలో, కెమిస్ట్రీ చదివి మిల్లుల్లో చేరే మన పిల్లలకు పాఠాలు చెబుతాను. రంగులు కలపడం గురించి కాదు. మనం చేసే పని వల్ల అవతలివాళ్ళకు ఏమవుతుందో చెప్పే పాఠాలు. అందులో ఒక నియమం పెట్టాను. మిల్లు నుంచి ఏ నీళ్ళు వదిలినా, ముందు అవి పోయే దారి వెంట చివరిదాకా నడిచి చూసి రావాలి.

"తాపీ నది దాక నడవాల్నా సర్? చెప్పులు మీరే కొనియ్యాలె మరి," అన్నాడొక కుర్రాడు.

అందరూ నవ్వారు. సౌమ్య నవ్వలేదు. మరమగ్గం కార్మికుడి కూతురు. అప్పుడే మా ల్యాబులో చేరింది.

ఆ రాత్రి వాన... ఒకటే వాన. డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేక సౌమ్య ల్యాబులోనే ఉండిపోయింది. యాసిడ్ నీళ్ళ తొట్టి నిండిపోయింది. అందులో సున్నం కలిపి, యాసిడ్ విరిగాకే నీళ్ళు వదలాలి. దానికి చాలాసేపు పడుతుంది. అద్దకం పని చూసే రంగుల మాస్టరు నుంచి ఫోను మీద ఫోను.

"అరే భాయ్, జల్దీ ఖాలీ కరో! మాల్ రుకా హువా హై!" తొట్టి ఖాళీ చేస్తేగానీ ఆగిపోయిన సరుకు కదలదని అతని గోల.

నాకు అడ్డదారి తెలుసు. ఒక్క వాల్వు తిప్పితే నీళ్ళు నేరుగా గోడ పక్కనున్న గుంటలోకి పోతాయి. కానీ సాయంత్రమే నల్ల రంగు అద్దాక మిగిలిన సల్ఫైడు నీళ్ళు అదే గుంటలోకి వెళ్ళాయి. రెండూ కలిస్తే విషవాయువు. మొదట కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. తర్వాత ముక్కు మొద్దుబారి ఆ వాసనా తెలియదు. ఆ తర్వాత మనిషి ఉండడు. ఈ పాఠం చెప్పింది నేనే. అయినా... ఇంత వానలో గుంట దగ్గర ఎవరుంటారులే అనుకున్నాను.

వాల్వు మీద చెయ్యి వేశాను.

టక్.

పైపు లోపలి నుంచి. తిప్పకుండా ఆగాను.

టక్... టక్.

ఇనుముతో ఇనుమును కొట్టినట్టు. తొందరేమీ లేదు. కొట్టి, మనం విన్నామో లేదో అని ఆగి, మళ్ళీ కొట్టినట్టు... పైపు చల్లబడుతోందేమో అనుకున్నాను. కానీ అది మధ్యాహ్నం నుంచీ చల్లగానే ఉంది.

"సర్, జర ఆగుండ్రి." వెనక సౌమ్య. "నేను గుంట దాక పోయి చూసొస్త."

"గింత వానల యాడికి పోతవ్ బిడ్డా? ఆడ ఎవరుంటరు?"

"చూస్తెనే గద తెలిసేది. మీరే చెప్పిండ్రు."

టార్చి పట్టుకుని వెళ్ళిపోయింది.

నేను వెళ్ళలేదు. చెయ్యి వాల్వు మీదే ఉంది. ఫోను మళ్ళీ మోగింది. వేళ్ళు బిగించాను...

టక్.

సరిగ్గా నా అరచేతి కింద. చెయ్యి లాక్కున్నాను. చప్పుడు ఆగిపోయింది. వాన హోరు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టింది.

అప్పుడు బయటి నుంచి కేక. "సర్! వాల్వు ముట్టుకోకుండ్రి! గుంటల మల్లేశన్న ఉన్నడు!"

పరుగెత్తాను. మా మిల్లు కార్మికుడు మల్లేశ్, నడుం లోతు నీళ్ళలో నిలబడి, గుంట తూముకు అడ్డం పడ్డ నూలు తుక్కు తీస్తున్నాడు. నీళ్ళు మిల్లులోకి ఎదురు తంతున్నాయని ఎవరికీ చెప్పకుండా దిగాడట. ఇద్దరం కలిసి పైకి లాగాం.

ల్యాబులో వేడి చాయ్ ఇచ్చి అడిగాను. "పైపును కొట్టింది నువ్వేనా?"

"నేనెందుకు కొడత సర్? నా చేతిల ప్లాస్టిక్ బకెట్ ఒక్కటే ఉండె." గ్లాసు దించాడు. "మీరే కొడుతున్నరనుకున్న. నాకు పైనుంచి వినబడ్డది."

సౌమ్య వైపు తిరిగాను. "నువ్వు ఆ చప్పుడు వినే పోయినవా?"

"ఏం చప్పుడు సర్?" వింతగా చూసింది. "నాకేం వినబడలే."

నేనేం చేయబోయానో అప్పుడే మల్లేశ్‌కు చెప్పాను. అతను చాలాసేపు నా చేతినే చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. మాస్టరుకు ఫోను చేసి, సున్నం కలిపేదాకా చుక్క నీరు వదలనన్నాను. తిట్టాడు. తిట్టనిచ్చాను.

మర్నాడు ఆ పైపు విప్పించాను. లోపల ఏమీ లేదు.

ఇప్పుడు ఆ పాఠం సౌమ్యే చెబుతోంది. నేను వెనక బెంచీ మీద కూర్చుంటాను. చెప్పుల గురించి ఎవరైనా జోకు వేస్తే, "లొల్లి చెయ్యకు రా, ముందుగాల నడువు," అంటుంది. నా గుండె ఉప్పొంగుతుంది. చప్పుడు విన్న నేను కదల్లేదు. ఏమీ వినకుండానే ఆ పిల్ల వానలో నడిచింది.

మరి కొట్టిందెవరు? తెలియదు... వాల్వు తిప్పే ముందు ఈనాటికీ ఆ పైపుకు చెవి ఆనిస్తాను. ఏమీ వినబడదు. అయినా టార్చి తీసుకుని గుంట దాకా వెళ్ళి చూసి వస్తాను.