రొట్టె తిన్నాక నడక

నిన్న సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు కాస్త ముందు పక్కింటి ఖాలా మా గేటు దగ్గర నిలబడి పిలిచింది. చేతిలో రెండు డబ్బాలు, ఒకటి ఎర్ర మూతది, ఒకటి నీలం మూతది. "లాల్ ఢక్కన్ తేరా, నీలా భయ్యా కా. ఉస్మే గేహూఁ నై హై, బేఫికర్ ఖిలా" అంది. ఎర్ర మూత డబ్బాలో నాకు గోధుమలతో చేసే హలీం. నీలం మూత డబ్బాలో మా తమ్ముడికి గోధుమ తగలని కబాబులు. హలీం కలిపిన గంటె కబాబుల్లో పెట్టకుండా వేరే గంటె వాడానని కూడా చెప్పింది పెద్దావిడ. డెబ్బై ఏళ్ల మనిషి, రోజంతా ఉపవాసం ఉండి, పక్కింటివాడి కోసం గంటె మార్చింది చూడండి. డబ్బాలు పట్టుకుని లోపలికి వస్తుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గోధుమ లేదు అన్న ఆ చిన్న మాట తెలియక ఒక ఏడాది పాటు మా ఇల్లు ఎంత నరకం చూసిందో, ఆ నరకంలో నా వాటా ఎంతో నాకే తెలుసు.

మాది దబీర్‌పురాలో తాతల కాలం నుంచి పాల వ్యాపారం చేసే ఇల్లు. బర్రెలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు పాలు క్యాన్లలో వస్తాయి, తమ్ముడు స్కూటరు మీద ఇల్లిల్లూ తిరిగి పోస్తాడు. తెల్లవారకముందే వెళ్లి తొమ్మిదింటికి వచ్చి, ఇంత అన్నం, ఇంత పెరుగు తిని, వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తిన్నాక వాడు కూర్చున్నాడంటే పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టినట్టే, ఇక కదిలేది లేదు. చిన్నప్పటి నుంచీ అంతే, పండగ నాడు పిల్లలంతా ఉరుకుతుంటే వీడు గోడకు ఆనుకుని కూర్చునేవాడు. బద్ధకస్తుడని అందరం ఆడిపోసుకునేవాళ్లం, అందరికంటే ఎక్కువగా నేను. నేను కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ ముప్పై ఏళ్లు నడిపినదాన్ని. మా ఆయన పోయాక, రిటైరయ్యాక, తమ్ముడి ఇంటి పైగదికి వచ్చాను. ఎవరికి ఏది పడుతుందో, ఏది పడదో మొహం చూసి చెప్పగలనని నాకు ఒక గర్వం ఉండేది. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తమ్ముడికి షుగర్ అని తేలిన రోజునే ఇంటి పెత్తనం నా చేతికి తీసుకున్నాను. మరదలు మెత్తని మనిషి, ఎదురు చెప్పదు. అన్నం బంద్, రెండు పూటలా గోధుమ రొట్టెలు, సాయంత్రం ఆరింటికల్లా తిండి, తిన్న వెంటనే రైల్వే స్టేషన్ దాకా నడక. మా గల్లీలో షుగర్ వచ్చిన ప్రతి ఇంట్లోనూ జరిగేది ఇదే కదా, నేనేదో కొత్తగా కనిపెట్టలేదు. కాకపోతే నేను దాన్ని ఫ్యాక్టరీ సైరన్ లాగా అమలు చేశాను. పిండి నేనే తడిపి, నేనే కాల్చి, పక్కన నిలబడి తినిపించి, "లే, నడువు" అనేదాన్ని. వాడు కుర్చీ వైపు ఒకసారి ఆశగా చూసి చెప్పులు వేసుకునేవాడు.

మూడో వారమో నాలుగో వారమో, వెళ్లినవాడు అరగంటలో ఆటోలో తిరిగి వచ్చాడు. ముందు అరచేతులు దురద పెట్టాయట, తర్వాత చెవులు వేడెక్కాయట. చొక్కా విప్పి చూస్తే వీపంతా అట్టలు కట్టినట్టు దద్దుర్లు. పెదవులు ఉబ్బాయి, కడుపులో మెలిపెట్టి రెండుసార్లు వాంతి అయింది. మరదలు పెట్టె అడుగు నుంచి మా అమ్మ నాటి నల్ల గొంగడి తీసి ఒళ్లంతా రుద్దింది. దద్దుర్లకు మాకు తెలిసిన మొదటి వైద్యం అదే. ఆ గొంగడి వాసన ముక్కుకు తగిలినప్పుడు నాకు ఏదో గుర్తొచ్చినట్టే వచ్చి పోయింది. ఆ గాభరాలో దాని వెంట పడే తీరిక ఎక్కడిది? రాత్రికల్లా అంతా తగ్గిపోయింది. ఆ పూట కూర వంకాయ. ఇంకేముంది, నేను తీర్పు చెప్పేశాను, "వంకాయ వల్లనే. రేపటిసంది ఇంట్ల వంకాయ కనపడొద్దు."

వంకాయ మానేసిన పన్నెండో రోజు మళ్లీ వచ్చింది. అప్పుడు పల్లీలు మానేశాం. తర్వాత గుడ్డు, ఆ తర్వాత నువ్వులు, చింతపండు. ఒకసారి పాల మీద అనుమానం వచ్చింది. పాలు పోసేవాడికే పాలు పడవంటే బయట ఏమని చెప్పుకుంటామని మరదలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అయినా పాలు, పెరుగు మాన్పించాం. ప్రతి పూటా ఏం తిన్నాడో క్యాలెండర్ కాగితాల వెనక నేను రాసిపెట్టేదాన్ని. ఒక్కొక్కటే మానేసినకొద్దీ వాడు తినడానికి రొట్టెలు తప్ప ఏమీ మిగల్లేదు. రెండు తినేవాడు నాలుగు తినడం మొదలుపెట్టాడు. రోగం కూడా ముదిరింది. ఇంకేం మాన్పించాలా అని నేను బుర్ర బద్దలు కొట్టుకుంటున్నానే కానీ, కంచంలో మిగిలినదేమిటో చూడలేదు.

రొట్టెను అనుమానించలేదా అని మీరడగవచ్చు. అనుమానించాను, నేనేమంత మొద్దును కాదు. కానీ ఆదివారం నాడు నడకకు నేనే సెలవిచ్చేదాన్ని. ఆ రోజు వాడు మటన్ కూరతో నాలుగు రొట్టెలు లాగించి, క్రికెట్ చూస్తూ నిక్షేపంగా కూర్చునేవాడు. ఆదివారం నాలుగు తిని ఏమీ కానివాడికి మంగళవారం మూడు తింటే ఏమవుతుంది? పోనీ నడకే పడటం లేదా అంటే, తెల్లవారుజామున పరగడుపున పాల క్యాన్లు మోస్తూ మూడంతస్తుల మెట్లెక్కేవాడు, చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. క్లినిక్‌లో చేతి మీద చుక్కలు పెట్టి, సూదితో గీరి, పరీక్ష చేశారు. గోధుమ చుక్క దగ్గర కాస్త ఎరుపు తప్ప ఏమీ లేదు. రొయ్య చుక్క దగ్గర కొంచెం పొంగింది. ఆ రోజు నుంచి రొయ్యలు బంద్. మావాడు జన్మలో రొయ్యలు తిన్నది నాలుగుసార్లేమో.

ఆ తర్వాత మాకు బుద్ధి పనిచేయడం మానేసింది. మరదలు రోజూ మిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసేది. ఖాలా దర్గా నుంచి దారం తెచ్చి కట్టింది. నేను దేవుళ్లందరికీ మొక్కి, ఆ మొక్కులు గుర్తుండక మళ్లీ మొక్కేదాన్ని. పది కిలోలు తగ్గిపోయాడు వాడు. ఒకరోజు కంచం పక్కకు నెట్టి, "అక్కా, ఏది తింటె సస్తనో తెలుస్తలేదు. అసలు తినుడే బంద్ చేస్త" అన్నాడు. నోట్లో నాలుక లేనివాడు ఆ మాట అనేసరికి నా గుండె చెరువైంది. పైకి మాత్రం కసురుకున్నాను. "పిచ్చి మాటలు బంద్ వెట్టు. తిను. తిని నడువు. షుగరన్న తక్కువైతది."

పోయినేడు ఇలాంటి రంజాన్ రోజుల్లోనే వచ్చింది ఆ సాయంత్రం. మోకాలు నొప్పి అంటే నేనే ఒక నొప్పి మాత్ర వేశాను. నాలుగు రొట్టెలు, ఇంత పప్పుకట్టు. తిని కుర్చీలో కూర్చున్నాడు. "ఇయ్యాల వద్దక్కా. జర కూసోనియ్యి" అన్నాడు. "నువ్వు కూసుంటె షుగర్ గూడ కూసుంటదా? లే" అన్నాను. ఒక్కణ్ని పంపడం భయమై నేనూ వెంట బయలుదేరాను. ఆలస్యమైందని గబగబా నడిపించాను కూడా. స్టేషన్ దగ్గర పాదచారుల వంతెన సగం ఎక్కాక ఆగి, "అక్కా, అరచేతులు దురుద వెడుతున్నయ్" అన్నాడు. పైకెక్కి కూర్చుందాం, ఇంకో పది మెట్లే అన్నాను. ఆ పది మెట్లు నేను చచ్చేదాకా మరవను. పైకి చేరేసరికి కళ్లు పూడుకుపోయాయి. గొంతులోంచి మాట బదులు ఈల లాంటి చప్పుడు వచ్చింది. నా భుజం పట్టుకోబోయి, దొరక్క, కిందికి జారిపోయాడు.

"నా తమ్ముడు పోతుండు, ఎవరన్న రాండ్రి" అని అరిచిన గొంతు నాదేనని కూడా తెలియలేదు. ఇద్దరు మనుషులు వాణ్ని కిందికి మోశారు. వంతెన కింద ఆటో ఆపుకుని, ఉపవాసం విడవడానికి ఖర్జూరం చేతిలో పట్టుకుని కూర్చున్న డ్రైవరు మమ్మల్ని చూసి, ఆ పండు జేబులో వేసుకుని బండి స్టార్టు చేశాడు. అజాన్ వినపడుతోంది. ఆ కాసేపు పాతబస్తీ రోడ్లు ఎలా ఖాళీ అవుతాయో ఇక్కడివాళ్లకు తెలుసు. అరగంట ముందైతే ఆ రోడ్డు మీద కాలు కూడా దూరదు. "ఫికర్ మత్ కరో అమ్మా, సీదా పహుంచా దేతుఁ" అని ధైర్యం చెప్పి, ఆ పిల్లవాడు ఆసుపత్రి దాకా ఎక్కడా ఆపలేదు. తమ్ముడి తల నా ఒళ్లో ఉంది. పెదవులు నీలం తిరిగాయి. నేను వాడి రొమ్ము మీద చెయ్యి పెట్టి, లోపల కదులుతోందా లేదా అని మాత్రమే చూస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో తొడకు సూది వేశారు. ఊపిరి అందిన చప్పుడు తెర ఇవతలికి వినపడింది. కాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి, ఏం తిన్నాడని అడిగింది. సంచిలో ఎప్పుడూ పెట్టుకునే క్యాలెండర్ కాగితాల కట్ట ఆమె చేతిలో పెట్టాను. రెండు కాగితాలు తిప్పి, "ఇదంతా తిన్నదమ్మా. తిన్నాక ఏం చేశాడు?" అంది.

ఏడాదిలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "ఏం జెయ్యలే మేడం, నడిచిండు" అన్నాను.

"ప్రతిసారీ నడిచాకే వచ్చిందా?"

ఆదివారాలన్నీ కళ్ల ముందు వరస కట్టాయి. ఆమె కుర్చీ చూపించి, నెమ్మదిగా చెప్పింది. కొందరికి గోధుమ ఒక్కటే తింటే ఏమీ కాదట, ఒట్టి నడక వల్లా ఏమీ కాదట. గోధుమ తిన్న కొన్ని గంటల్లోపు ఒళ్లు అలిసేలా కదిలితేనే రెండూ కలిసి ప్రాణం మీదికి తెస్తాయట, అదీ నడిచిన ప్రతిరోజూ రాదట. నేను వేసిన నొప్పి మాత్ర లాంటివి దానికి ఇంకాస్త తోడవుతాయట. మామూలు చర్మపరీక్షలో అది తప్పించుకుపోవచ్చు, వేరే రక్తపరీక్ష చేయిస్తానంది. వారం తర్వాత ఆ పరీక్షలోనూ అదే తేలింది.

"రొట్టె చేసింది నేనే మేడం. మాత్ర ఇచ్చింది నేనే. నడిపిచ్చింది గూడ నేనే" అన్నాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి, ఇది అంత సులువుగా దొరికే జబ్బు కాదమ్మా, మీరు మంచికే చేశారు అంది. మంచికే చేశాను. అదే కదా ఇప్పటికీ మింగుడుపడనిది. తెర పక్కకు జరిపి లోపలికి వెళితే తమ్ముడు ముక్కుకున్న గొట్టం సర్దుకుని, బొంగురు గొంతుతో, "జర కూసోనియ్యమన్న. ఇన్నవా?" అన్నాడు. నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

ఇంట్లో గోధుమ పిండి బయటికి పోయి, జొన్న పిండి వచ్చింది. నడక తిండికి ముందుకు మారింది. పాల సంచిలో ఎప్పుడూ ఒక సూది మందు ఉంటుంది. జొన్నరొట్టె చేత్తో తట్టి పాతికేళ్లయింది, మొదటిరోజు అంచులన్నీ పగిలాయి. అమ్మ ఎలా తట్టేదా అని ఆలోచిస్తూ, పక్కన ఎండకు ఆరేసిన గొంగడి వాసన వస్తుంటే, చేతులు పిండిలో ఉండగానే నాకు ఆ పాత సంగతి మొత్తం గుర్తొచ్చింది. మా మేనమామ పెళ్లి. గోధుమ అంటే పెళ్లిళ్లకు పూరీల్లో చూడటమే అప్పుడు. పూరీలు తిని పందిట్లో పిల్లలం ఉరికాం. ఐదేళ్ల తమ్ముడు ఒళ్లంతా దద్దుర్లతో, ఉబ్బిన మొహంతో ఏడుస్తూ వచ్చాడు. అమ్మ ఇదే గొంగడితో వాణ్ని రుద్ది, నన్ను దగ్గరికి పిలిచింది. "ఇది రెండోసారి బిడ్డా. పూరీలు తిన్ననాడు వీణ్ని ఉరుకనియ్యకు. పక్కన కూసోబెట్టుకో" అంది. ఆ రోజు కూర్చోబెట్టాను. ఆ తర్వాత వాడికి కూర్చోవడం అలవాటైంది, నాకు అది ఎందుకన్నది మరుపైంది. అమ్మ నేర్పిన ఆ కూర్చోవడాన్నే బద్ధకమని పేరు పెట్టి, పట్టుబట్టి మాన్పించాను.

ఈ సంగతి తమ్ముడికి ఇంతవరకు చెప్పలేదు. నిన్న కబాబులు తిని, రోజూ లాగే కింద నుంచి కేకేశాడు, "అక్కా, తిన్న. కూసున్న." సరే అని పైనుంచి పలికాను. అమ్మ ఆ మాట నాకు అప్పజెప్పినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అది నా చెవిలో పడి బుర్రకు ఎక్కేసరికి యాభై ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ వాడి ప్రాణం నా కోసం ఆగి ఉండటం మాత్రం నా గొప్ప కాదు.