తెల్ల చార పడిన వంద నోటు

మొన్న మా బ్యాంకులో కొత్త నోట్ల కట్ట విప్పితే, సిరా వాసనతో పాటు ఒక నోటు మీద అడ్డంగా తెల్ల చార కనిపించింది. అచ్చు వేసేటప్పుడు కాగితం ముడత పడితే ఆ మడతలోకి సిరా చేరదని, నోటు మాత్రం అసలైనదేనని మేనేజరు చెప్పారు. లెక్కపెట్టడం ఆపి, ఆ నోటును పక్కకు తీసి పెట్టాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ములకలపల్లి సంతలో అమ్మ గాజులు అమ్మేది. ఒకరోజు అడవి పల్లె నుంచి ఒకామె నా ఈడు కూతురితో వచ్చింది. అమ్మ ఆ పిల్లకు ఎర్ర గాజులు తొడిగింది. తల్లి ఇచ్చిన వంద నోటు మీద అలాంటి చారే చూసి, "దొంగ నోటు" అని గట్టిగా అరిచాను. జనం మూగారు.

"తునికాకు కోసినందుకు ఇచ్చిండ్రమ్మా. నాకేమెరుక?" అందామె.

"పోలీసోళ్లు చూస్తే నిన్నే పట్టుకుంటరు," అన్నారెవరో.

ఆమె భయపడి నోటును పక్కనున్న టీకొట్టు పొయ్యిలో పడేసింది. కూతురి చేతుల నుంచి గాజులు ఒక్కొక్కటే తీసి మా పెట్టెలో పెట్టింది. ఆ పిల్ల ఏడవలేదు. నన్నే చూస్తూ నిలబడింది.

"నా బిడ్డ హుషారు," అని అమ్మ జిలేబీ కొనిపెట్టింది. గర్వంగా తిన్నాను.

వాళ్లు మళ్లీ మా వైపు రాలేదు. ఇప్పుడు వెతుకుదామన్నా, ఆ పిల్ల పేరైనా నేను అడగలేదు.