పసుపు చల్లిన నీళ్లు

మేము సరిహద్దు పోస్టుకు చేరేసరికి పొద్దెక్కింది గాని మంచు విడలేదు. ఎదుటి గట్టు మీద శత్రువు బంకరు ఉందన్నారు. కనపడలేదు. కాళ్ల కింద మెత్తటి బంకమట్టి.

"అడుగులు నెమ్మదిగా ఎయ్యిరా. కింద ఎవలో పని చేసుకుంతన్నారు," అన్నాడు మా హవల్దారు. సిక్కోలు మనిషి.

హాస్యం అనుకున్నాను. ఆయన మా బంకరు నేలలో స్టీలు కంచం పూడ్చి, నీళ్లు పోసి, వంటవాడినడిగి తెచ్చిన పసుపు చిటికెడు చల్లాడు. పసుపు మీద సన్నటి అలలు నడిచాయి. మమ్మల్ని లేపేయడానికి అవతలివాళ్లు సొరంగం తవ్వుతున్నారు.

"ఆడు తవ్వినంతసేపూ బయం లేదు. ఆపినాడంటే మందుగుండు తెస్తన్నట్టే."

వాళ్లకంటే ముందే ఎదురు తవ్వి ఆ సొరంగం కూల్చమని రేడియోలో ఆర్డరు వచ్చింది. బూట్లు విప్పి, మోకాళ్ల మీద, పొట్టి పారలతో తవ్వాం. కొన్నాళ్లకు గోడ అవతల దగ్గు వినపడింది.

"జలుబు సేసినట్టుంది పాపం," అన్నాడు హవల్దారు.

"శొంఠి కషాయం పంపుదామా అన్నా?" అన్నాను.

నోళ్లు మూసుకుని నవ్వుకున్నాం.

మేము మందుగుండు పెట్టే రోజు ఆయన మా సొరంగం చివర ఉన్నాడు. నేను బంకరులో కంచం దగ్గర. ఆయన కాలికి కట్టిన తాడు నా చేతిలో. ఉన్నట్టుండి పసుపు నిలిచిపోయింది. వచ్చేయమని తాడు లాగాను. రాలేదు. మళ్లీ లాగాను.

"లాగకురా, కాలు ఊడొస్తాది. మట్టి కప్పి వస్తన్నాను," అని లోపల్నుంచి గొంతు.

వచ్చాడు. వైరు పట్టుకుని వెనక ట్రెంచిలోకి దూకాం. మీట నొక్కాడు. నిద్రలో ఊపిరి పీల్చినట్టు నేల కొంచెం లేచి, మళ్లీ పడుకుంది. వాళ్ల సొరంగం కూలింది, మా బంకరు నిలిచింది. దగ్గే మనిషి లోపలున్నాడో, టీ తాగడానికి బయటికెళ్లాడో మాకు తెలియలేదు.

డ్యూటీ ముగిసి ఇంటికొచ్చాను. ఏళ్లు గడిచి, ఇప్పుడు పరదేశంలో, వుడ్‌ల్యాండ్స్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో ఉంటున్నాను. పక్క రోడ్డు కింద ఏదో తవ్వుతున్నారు. అందరికీ విసుగు. నాకు మాత్రం ఆ చప్పుడుకే కునుకు పడుతుంది. ఆగితే లేచి కూర్చుంటాను.

"మకాన్‌కి వెళ్లారు లా తాతా, అంతే," అంటుంది మనవరాలు. తిండికి ఇక్కడివాళ్ల మాట అది.

అంతేనమ్మా అంటాను. బల్ల మీది గ్లాసులో నీళ్లు కదలవు. వాటి మీద పసుపు తేలుతున్నట్టే ఉంటుంది. ఎవరైనా దగ్గుతారేమోనని వింటూ కూర్చుంటాను.