గుమ్మడిపువ్వు రంగు చీర ఎక్కడిది?

ఆ రోజుల్లో నేను ఎవరి పుస్తకాన్నీ చదివేవాణ్ణి కాదు. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది అనుకుంటారేమో. కానీ నా ఉద్యోగమే పుస్తకాలు చదవడం. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక సందు చివర ఉన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి, కంప్యూటర్లో పేజీలు కట్టేవాణ్ణి. వత్తులు చూసేవాణ్ణి, దీర్ఘం ఎగిరిపోతే పట్టుకునేవాణ్ణి, కథ మాత్రం చూసేవాణ్ణి కాదు. (మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా అని స్నేహితుల దగ్గర కోతలు కూడా కోసేవాణ్ణి.) అలాంటి ఒక రోజున, ఒక అమ్మాయి రాసిన నవల్లోంచి ఒక ప్రకరణం మొత్తం, ఐదు పేజీలు, చదవకుండానే తీసేశాను. తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను, చివర్లో దాన్ని కంప్యూటర్ మీదకి తోసేస్తానేమోనని మీరు అనుమానపడకుండా. (నిజానికి ఒకసారి తోసి చూశాను. ఆ ముచ్చటా చెబుతాను.)

ఆ అమ్మాయిది ఉయ్యూరు. మా ప్రెస్సులో అందరం ఉయ్యూరమ్మాయి అనే అనేవాళ్లం. మందుల షాపులో బిల్లులు రాసే ఉద్యోగం. నాలుగు లాంగ్ నోటుబుక్కుల నిండా నవల రాసి, వాన తగలకుండా పాలిథిన్ కవర్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చింది. నవల్లో అమ్మాయి పేరు వనజ. చిన్న ఊరు, చెరకు కాటా దగ్గర స్లిప్పులు రాసే పని. ఏం తినాలో, ఏం కట్టాలో, ఎప్పుడు నవ్వాలో అన్నీ ఇంట్లోవాళ్లే చెబుతారు. ఆ ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమాస్టరు ఆమెను ఇష్టపడతాడు. ఇదంతా నేను చదివి చెబుతున్నది కాదు, ఆ రోజు మా ఓనరుగారు అడుగుతుంటే విన్నది.

"ప్రేమకథేనామ్మా?" అన్నారు ఆయన, కళ్లజోడు నుదుటి మీదకి జరుపుతూ.

"ప్రేమ కూడా ఉందండీ."

"కూడా అంటే?"

"చదివితే తెలుస్తుందండీ," అంది నావైపు చూస్తూ. నేను ఫ్యానువైపు చూశాను.

పోతూ పోతూ రెండు షరతులు పెట్టింది. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యే నాటికి పుస్తకం వాళ్ల ఊరి లైబ్రరీలో ఉండాలి. ఒక్క ముక్క కూడా తీయకూడదు. "మొదటి కాపీ లైబ్రేరియన్ గారికి ఇస్తానని మాటిచ్చానండీ," అని చెప్పి, చెప్పినందుకు తనే తలొంచుకుంది. నోటుబుక్కులు చదవనివాణ్ణి, కనీసం ఆ ముఖమైనా చదవాల్సింది. అదీ చదవలేదు.

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. పుస్తకాన్ని విడి పేజీలుగా అచ్చు వేయరు, ఫారాలుగా వేస్తారు. ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు, దాన్నే ఫారం అంటాం. చివరి ఫారం నిండాక ఇంకా ఐదు పేజీలు మిగిలిపోతే ఇంకో ఫారం వేయాలి, పదకొండు పేజీలు తెల్లగా పడి ఉంటాయి. "ఫారం నిండాలి, లేదా తెగాలి" అన్నది మా ఓనరుగారి వేదం. ఉయ్యూరమ్మాయి నవల తొమ్మిది ఫారాలు అచ్చయిపోయాయి. పదో ఫారం కట్టబోతే సరిగ్గా ఐదు పేజీలు ఎక్కువొచ్చాయి. ముందే చూసుకుని ఉంటే అక్షరం సైజు తగ్గించి సర్దేవాణ్ణి. ఇప్పుడు ఒక్కటే దారి, ఎనిమిది పేజీల అరఫారం ఒకటి విడిగా వేయడం. దానికి ఓనరుగారి అనుమతి కావాలి. ఆయన గుంటూరులో ఎవరిదో పెళ్లికెళ్లారు, రావడానికి మధ్యాహ్నం అవుతుంది. నాకేమో పదకొండింటికి మార్నింగ్ షో ఉంది. కొత్త సినిమా, మొదటి రోజు, స్నేహితులు హాలు ముందు నిలబడి నిమిషానికోసారి ఫోన్లు చేస్తున్నారు.

పదహారో ప్రకరణం చూశాను. దేవుడు కొలిచి పెట్టినట్టు సరిగ్గా ఐదు పేజీలు. పైపైన కళ్లు పరిగెత్తిస్తే బస్సు, మంగళగిరి, చీరల కొట్టు, సగం తాగి వదిలేసిన టీ, మళ్లీ బస్సు. అందులో పోస్టుమాస్టరు లేడు. పోట్లాట లేదు, ఏడుపు లేదు. టీ పూర్తిగా తాగని పిల్ల గురించి ఐదు పేజీలేమిటి అనుకున్నాను. పదిహేనులో వనజ పోస్టుమాస్టరుకి "తెలియదండీ" అని చెప్పి వెళ్లిపోతుంది. పదిహేడులో వచ్చి సరేనంటుంది. ఆడపిల్లలు ముందు కాదని తరవాత సరేనంటారని నాకు అప్పటికే గట్టి నమ్మకం. (ఆడపిల్లల గురించి నాకున్న పరిజ్ఞానమంతా మార్నింగ్ షోలలో సంపాదించిందే.) పదహారుని తీసేశాను. పదిహేడు మీది అంకెను పదహారు చేశాను. ఫారం అద్దినట్టు సరిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయి, పేర్లు పడే వేళకి హాల్లో కూర్చున్నాను. సినిమా బాగాలేదు. బాగుంటే ఈ పాపం కొంతయినా గిట్టుబాటయ్యేది.

పుస్తకాలు వేళకి ఉయ్యూరు చేరాయి. అలవాటు ప్రకారం ఒక కాపీ భవానీపురంలో మా పిన్నికి తెచ్చి ఇచ్చాను. నేను వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. పిన్ని నాలాగా కాదు, పచారీ పొట్లం కట్టిన కాగితాన్ని కూడా విప్పి చదువుతుంది. నాలుగో రోజు సాయంత్రం ఇంటికెళ్లేసరికి అరుగు మీద కూర్చుని, ఒళ్లో చేటెడు గోంగూర, పక్కన పుస్తకం బోర్లా పెట్టుకుని ఉంది.

"ఒరే, ఈ వనజకి ఆ చీర ఎక్కడిదిరా?"

"ఏ చీర పిన్నీ?"

"గుమ్మడిపువ్వు రంగు చీర. ఈ పిల్లకున్నవి నాలుగే చీరలు, నాలుగూ వాళ్లమ్మ ఏరినవే, అన్నీ మట్టి రంగులే అని రాసిందా? ఇటు తిప్పితే గుమ్మడిపువ్వు రంగు చీర కట్టుకుని పోస్టాఫీసుకెళ్లింది. మధ్యలో ఎవడు కొనిచ్చాడు?"

"తనే కొనుక్కునుంటుందిలే."

"కొనుక్కుంటే రాయదూ? చీర కొనుక్కుని ఊరుకునే ఆడది ఎక్కడైనా ఉంటుందేమో. చీర కొనుక్కుని, చేతిలో కలం కూడా ఉండి ఊరుకునేది మాత్రం ఉండదురా."

పక్కింటి అత్తయ్యగారు గోడ మీదుగా తల పెట్టారు. ఆవిడ కూడా చదివేసిందట. "ఆ పోస్టుమాస్టరే పార్శిల్ చేసుంటాడు వదినా. చేతిలో పోస్టాఫీసుందిగా! చీర చూసి పడిపోయింది పిల్ల."

"చీరకి పడిపోయే పిల్ల కాదది. మొదట్నుంచీ చదువు."

"అయితే ఇంకొకడున్నాడు."

"అదే నా భయమూను," అంది పిన్ని, గోంగూర కాడని పుటుక్కున విరుస్తూ. "నిన్న తెలీదన్న పిల్ల ఇవాళ సరేనంది. ఏం చూసి సరేనంది? మధ్యలో దానికి ఏదో అయిందిరా. ఏమయిందో చెప్పకుండా దాచేసింది ఈ రాసినమ్మాయి. ఇంతబాగా రాసి ఇలా చేసిందేంటి!"

నేను తీసేసిన ఐదు పేజీలు గుర్తొచ్చాయి. మర్నాడు పొద్దున్నే ప్రెస్సుకెళ్లి, సొరుగులోంచి నాలుగో నోటుబుక్కు తీసి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, వత్తుల కోసం కాకుండా, ఏమయిందో తెలుసుకుందామని చదివాను.

పోస్టుమాస్టరు వనజని అడిగింది ఒక్కటే. "మీ ఇంట్లోవాళ్ల సంగతి తరవాత. అసలు మీకేం ఇష్టం?" ఇరవై మూడేళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. అందుకే తెలియదంది. అది కాదనడం కాదు, నిజంగానే తెలియదు. తెలుసుకోవడానికి ఒక రోజు సెలవు పెట్టి, ఒక్కతే బస్సెక్కుతుంది. కిటికీ పక్కన కూర్చుంటుంది, ఎందుకంటే ఎప్పుడూ తమ్ముడే కూర్చునేవాడు. బెజవాడ బస్టాండులో టీ చెప్పి, రెండు గుక్కలు తాగి, తనకి చిన్నప్పట్నుంచీ టీ అంటే ఇష్టం లేదని కనిపెడుతుంది. ఇంట్లో అందరూ తాగుతారని తాగుతోంది, అంతే. మిగతాది అక్కడే వదిలేసి మంగళగిరి వెళుతుంది. చీరల కొట్టాయన "ఏ రంగు చూపించమంటారమ్మా?" అంటాడు. అలవాటుగా "మీ ఇష్టమండీ" అంటుంది. "కట్టుకునేది మీరా, నేనా?" అంటాడు ఆయన. వనజ చాలాసేపు అలా నిలబడి, నీ ఛాయకి నప్పదని వాళ్లమ్మ ఎప్పుడూ పక్కన పెట్టించే గుమ్మడిపువ్వు రంగు మీద చెయ్యి వేస్తుంది. తిరుగు బస్సులో పొట్లం ఒళ్లో పెట్టుకుని, ఇక ఆ పోస్టుమాస్టరు గురించి తనకేమనిపిస్తోందో కూడా తనను తానే అడుక్కోవచ్చని అనుకుంటుంది. ఆ సగం టీ వెనక ఉన్న సంగతి అదీ. నవలంతా అక్కడే ఉంది. నేను తీసేసింది దాన్ని.

పదకొండింటికి ఉయ్యూరమ్మాయి వచ్చింది.

"ఏవండీ, పదహారో ప్రకరణం ఏదండీ?"

"చివర్లో ఉందిగా అండీ."

"అది పదిహేడండీ."

అప్పుడు చేశాను ఇందాక చెప్పిన ఘనకార్యం. "కంప్యూటర్లో ఒక్కోసారి ఫైళ్లు ఎగిరిపోతుంటాయండీ," అన్నాను.

"ఎగిరిపోయిందే అనుకుందాం. పదిహేడుని పదహారు చేసింది కూడా కంప్యూటరేనాండీ?"

ఓనరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్లజోడు తీస్తే ఇక అబద్ధానికి చోటుండదు. సినిమాతో సహా మొత్తం చెప్పేశాను. ఆ అమ్మాయి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. స్టూలు మీద కూర్చుంది.

"లైబ్రేరియన్ గారు నన్ను వేసవిలో అడిగారండీ. మా ఇంట్లో అడిగి చెబుతానన్నాను. ముందు మీకిష్టమో కాదో చెప్పండి, ఇంటికి నేనొచ్చి అడుగుతానన్నారు. అది తెలుసుకోవడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. ఎలా తెలిసిందో ఆ ఐదు పేజీల్లో ఉందండీ. పుస్తకం ఇచ్చాను. చదివి ఏమన్నారో తెలుసా? 'ఆ చీర ఎవరు కొనిపెట్టారండీ?' అన్నారు. అంతే. మూడ్రోజుల్నుంచి షాపు ముందునుంచి తలొంచుకుని పోతున్నారు."

"నోటితో చెప్పెయ్యచ్చుగామ్మా," అన్నారు ఓనరుగారు మెల్లగా.

"నోటితో చెప్పగలిగితే మీ దగ్గరికెందుకొస్తానండీ?"

ఆయన నావైపు తిరిగారు. "కాయితం నాది, ఒళ్లు నీది. అరఫారం వెయ్యి. ఐదు పోగా మూడు పేజీలు మిగులుతాయి. ఒకదాంట్లో నీ తప్పు రాసి కింద నీ పేరు పెట్టు. కాయితం వృథా చేయకూడదు."

ఆ రోజే వేశాం. (నా పేరు మొదటిసారి ఒక పుస్తకంలో అచ్చయింది అలాగే.) పిన్ని విషయం విని, ముందు నెత్తిన ఒక మొట్టికాయ వేసి, తరవాత గిన్నెడు మైదా జిగురు ఉడికించి ఇచ్చింది. జిగురు క్యారియర్లో పోసుకుని, అరఫారాల కట్ట భుజాన వేసుకుని ఉయ్యూరు బస్సెక్కాను. చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు అడుగులో అడుగు వేసుకుంటూ పోయింది. లైబ్రరీ బల్ల మీద కూర్చుని ఒక్కో పుస్తకం తెరిచి, పదిహేను తరవాత ఆ ఎనిమిది పేజీలు అంటించి, చివరి ప్రకరణం మీది ఆరుని పెన్నుతో ఏడు చేశాను. ఆరుని ఏడు చేయడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది, ఎంత దిద్దినా అది రెండు అంకెలు కొట్టుకున్నట్టే ఉంటుంది. అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయిన కాపీల కోసం క్యారియర్ పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ "చీర సంగతి తేలిందా బాబూ?" అన్నారు. ఒక మామ్మగారు కళ్లు కనపడవని నాచేత ఐదు పేజీలూ పైకి చదివించుకుని, "పోన్లే, పిల్ల మంచిదే. నువ్వే వెధవ్వి," అని తేల్చి మజ్జిగ ఇచ్చింది.

మొదట అంటించిన కాపీ మాత్రం లైబ్రేరియన్ గారికే ఇచ్చాను. నా వయసే ఉంటుంది, చొక్కా జేబులో రెండు పెన్నులు. జిగురు ఆరకముందే చదివారు. ఎదురు కుర్చీలో ఉయ్యూరమ్మాయి పేపరు పట్టుకుని కూర్చుంది, ఒక్క పేజీ కూడా తిప్పకుండా. నేను తల వంచుకుని జిగురు పూస్తున్నాను.

"అయితే, తనే కొనుక్కుందా?" అన్నారు ఆయన చివరికి.

"తనే కొనుక్కుందండీ."

ఆయన గొంతు సవరించుకుని, "టీ చెప్పనాండీ?" అని, వెంటనే నాలుక్కరుచుకుని, "కాదు కాదు. మీకేం కావాలి?" అన్నారు.

"నిమ్మకాయ సోడా. ఉప్పు వేసి."

ఏదో వరం అందుకున్నవాడిలా లేచి గుమ్మందాకా వెళ్లి, గుర్తొచ్చి నావైపు తిరిగారు. "మీకండీ?"

"ఏదైనా పర్లేదండీ," అన్నాను.

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. నాకు ఒక క్షణం ఎందుకో తెలియలేదు. తెలిశాక మాత్రం సోడా వచ్చేదాకా ఆలోచిస్తూ కూర్చున్నాను, నిజంగా నాకేం ఇష్టమో. ఆ పూటకి తేలలేదు.

తరవాత వాళ్ల పెళ్లికి వెళ్లాను. ఇప్పుడు నేనే ఒక చిన్న ప్రెస్సు నడుపుతున్నాను. ఐదు పేజీలు ఎక్కువొస్తే ముందు కూర్చుని చదువుతాను. సినిమాకి ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఆ నవల కాపీ ఒకటి నా బల్ల మీద ఉంటుంది. పిన్ని జిగురు మరీ చిక్కగా ఉడికించింది కాబోలు, ఇన్నేళ్లయినా అది సరిగా మూతపడదు. అంటించిన చోట ఉబ్బెత్తుగా ఉంటుంది. ఎవరు చేతిలోకి తీసుకున్నా, ఎక్కడ తెరవబోయినా, తనంతట తానే వచ్చి ఆ బస్సు దగ్గర, కిటికీ పక్క సీటు దగ్గర తెరుచుకుంటుంది.